సాగే బట్టే కదా, ఎట్లా కుట్టినా సరిపోతుంది అనేవాళ్లకు

మొన్న సోమవారం నా బిడ్డ నేను కుట్టిన టాప్ వేసుకుని కాలేజీకి పోయింది. సాయంత్రం మెడ చుట్టూ చున్నీ చుట్టుకుని ఇంటికొచ్చింది. నల్లగొండ ఎండ సంగతి తెలిసిందే కదా, ఎండకు చుట్టుకుందేమో అనుకున్నా. చున్నీ తీశాక తెలిసింది. పొద్దున బుద్ధిగా ఉన్న మెడ సాయంత్రానికి గంప మూతిలా తెరుచుకుంది. వంగితే చాలు, ముందు భాగమంతా కిందికి జారుతోందట. రోజంతా నోట్‌బుక్ గుండెలకు అదుముకుని కూర్చుందట. "దీన్ని నైటీ చేసుకో అమ్మా, నేను మళ్లీ వేసుకోను" అని మంచం మీద పడేసింది.

బిడ్డ మీద నాకేం కోపం లేదు. కోపమంతా ఆ వీడియోల మీద. "స్ట్రెచ్ క్లాత్ చాలా ఈజీ అండీ, డాట్స్ అక్కర్లేదు, కొలతలు కాస్త అటూ ఇటూ అయినా సాగి సర్దుకుంటుంది" అంటారు. (డాట్ అంటే ఛాతీ ఎత్తుకు సరిపోయేలా గుడ్డను మొనగా మడిచి వేసే కుట్టు.) అరగంట పనేనంటారు. కుట్టేసి, వేసుకుని, గిరుక్కున ఒక చుట్టు తిరిగి చూపిస్తారు. అదే టాప్ ఎనిమిది గంటలు ఒంటి మీదున్నాక ఎట్లా ఉందో, మూడు సార్లు ఉతికాక ఎట్లా ఉందో ఒక్కరైనా చూపించారా? వెనక పిన్నులు గుచ్చి లాగి పట్టుకున్నారేమో, ఎవరికి తెలుసు.

నేను ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నా. కటోరీ కుడతా, ప్రిన్సెస్ కట్ కుడతా, పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రి రెండింటి దాకా మిషన్ తొక్కిన రోజులున్నాయి. అట్లాంటిదాన్ని నాలుగు ముక్కల టీషర్టు దగ్గర బోర్లా పడ్డా. ఒక్కసారి కాదు, మూడు సార్లు. ఆ మూడూ ఎందుకు చెడ్డాయో కూర్చుని విప్పి చూసుకున్నాక రాస్తున్న పోస్ట్ ఇది. కొంచెం పొడుగే, ఓపిక ఉన్నోళ్లు చదవండి.

మొదట మన బుర్రలో ఉన్నదే తప్పు. మనది నేత తెలిసిన ప్రాంతం. పోచంపల్లి, పుట్టపాక పాత నల్లగొండ జిల్లావే, ఇప్పుడు యాదాద్రి భువనగిరి కిందికి పోయాయి. గద్వాల, నారాయణపేట అటు పాలమూరు వైపు. పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డ దారాలు) అనే మాటలు ఇక్కడ మగ్గం తొక్కనోళ్లకు కూడా తెలుసు. మన చేతులకు అలవాటైన బట్టంతా ఆ పడుగూ పేకా ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నదే. నిలువుగా లాగితే రాదు, అడ్డంగా లాగితే రాదు, ఐమూలగా లాగితే మాత్రం కొంచెం వస్తుంది. హోజరీ బట్టలో, అంటే టీషర్టులకు వాడే ఈ సాగే బట్టలో, ఆ రెండూ లేవు. అది నేసింది కాదు, అల్లింది. గొలుసుకుట్టు గుర్తు తెచ్చుకోండి, ఉచ్చులో నుంచి ఉచ్చు తీస్తాం కదా. అట్లా వరుసలు వరుసలుగా ఉచ్చుల్లో ఉచ్చులు పోతాయి. లాగితే ఆ ఉచ్చులు వెడల్పవుతాయి, వదిలితే మళ్లీ దగ్గరికొస్తాయి. కొన్ని పూర్తిగా రావు, అక్కడే మనకు తిప్పలు. ఇట్లా అల్లే యంత్రాన్ని 1589లో ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన మేజోళ్ల కోసం కనిపెట్టాడు. అంటే పుట్టుకే కాలికి అతుక్కుని ఉండటం కోసం. అట్లాంటి బట్టను తెచ్చి మనం జాకెట్ కొలతలతో కత్తిరిస్తున్నాం.

నా మొదటి టాప్ కథ అదే. ఆది జాకెట్ ముందు పెట్టుకున్నా, ఛాతీ 38. కుర్తాకు వదిలినట్టే రెండు అంగుళాలు లూజు కలిపి 40కి కత్తిరించా. వేసుకుని అద్దం ముందు నిలబడితే తలగడకు గలేబు తొడిగినట్టుంది. చంకల కింద గుడ్డంతా మూటలా వేలాడుతోంది. "మంచిగనే ఉంది, గాలాడుతది" అన్నారు మా అత్తమ్మ. ఆమె నన్ను ఓదార్చారని నాకు అర్థమైంది.

ఇక్కడ లూజు కలపడం కాదు, తగ్గించడం ఉంటుంది. ఎంత తగ్గించాలనేది మన ఒళ్లు చెప్పదు, బట్ట చెప్పాలి. గుడ్డను అడ్డంగా మడిచి నాలుగు అంగుళాలు గుర్తు పెట్టుకుని, టేపు పక్కన పెట్టి లాగండి. ఐదు దాకా వస్తే 25 శాతం సాగుడు, ఆరు దాకా వస్తే 50 శాతం. లాగి వదిలాక మళ్లీ నాలుగుకే వచ్చిందా, నాలుగుంపావు దగ్గర ఆగిపోయిందా అనేది ఇంకా ముఖ్యం. వెనక్కి రాని బట్టతో ఒంటికి పట్టినట్టుండే టాప్ కుడితే మధ్యాహ్నానికి మోచేతులు, మెడ, నడుము అన్నీ వేలాడతాయి. రబ్బరులా సాగే లైక్రా దారం కలిసి, బాగా సాగి బాగా వెనక్కొచ్చే బట్టకు ఛాతీ దగ్గర ఒకటి రెండు అంగుళాలు తగ్గించొచ్చు. మందంగా ఉండి తక్కువ సాగే హోజరీకి అసలు తగ్గించొద్దు. కొట్లో "ఇది సాగుతుందా" అని అడిగితే "మస్తు సాగుతది మేడం" అంటారు. ఎంత సాగుతుంది, ఎంత వెనక్కొస్తుంది అని అడిగే అలవాటు మనకే లేదు.

రెండో టాప్‌కు రెండు అంగుళాలు తగ్గించా. అప్పుడు ఇంకో ముచ్చట బయటపడింది. చుట్టుకొలత సరిపోయింది, కానీ చంక నుంచి గుండె మీదికి రెండు పక్కలా ఏటవాలుగా ముడతలు, ముందు అంచు వెనకకన్నా పైకి ఎగిరింది. మనవాళ్లు ఇక్కడ ఏమంటారో తెలుసా? "నీకు ఛాతీ ఎక్కువ వదినా, టీషర్టులు సెట్ కావు." ఈ మాట విని ఎంతమంది మానేసుంటారో. ఒంటిదేం తప్పు? ఆ వీడియోల్లో ముందు ముక్క, వెనక ముక్క ఒక్క కాగితం మీదే గీస్తారు, మెడ లోతు ఒక్కటే మారుస్తారు. మనిషి ముందూ వెనకా ఒక్కలాగే ఉంటుందా? జాకెట్ కుట్టేటప్పుడు డాట్ లేకుండా కుడితే కస్టమర్ మొహాన కొడుతుంది, అదే హోజరీకైతే సాగుతుందిలే అని వదిలేస్తామా? సాగుతుంది, నిజమే. సాగి సాగి ఎటు లోటుందో అటు ముడతలతో వేలు పెట్టి చూపిస్తుంది.

నేను చేసింది చెప్తా. ముందు ముక్క కాగితాన్ని ఛాతీ గీత దగ్గర అడ్డంగా కత్తిరించి ఒక అంగుళం కిందికి జరిపి అతికించా. ఇప్పుడు ముందు ముక్క పక్క అంచు వెనక దానికన్నా అంగుళం పొడుగు. ఆ అంగుళాన్ని చంక కింద మూడు నాలుగు అంగుళాల మేర సర్దుకోవాలి. పొడుగు ముక్క కింద, అంటే గుడ్డను ముందుకు నెట్టే మిషన్ పళ్ల వైపు ఉండాలి. పైనున్న వెనక ముక్కను కొంచెం లాగి పట్టుకుంటూ కుడితే పళ్లే ఆ ఎక్కువ గుడ్డను తినేస్తాయి. బయటికి కుచ్చు కూడా కనిపించదు. సాగే బట్టతో నిజంగా లాభముందంటే ఇదొక్కటి, కాటన్‌లో ఇంత సాఫీగా కుదరదు. ఇంకా పెద్ద ఛాతీ అయితే శుభ్రంగా డాట్ వేసుకోండి. "టీషర్టుకు డాట్ ఏంది" అని నవ్వుతారు. నవ్వనీ.

భుజం సంగతి తొందరగా చెప్పేస్తా. భుజం కుట్టు చేతి మీదికి జారితే చేతులు పొడుగయ్యాయని కత్తిరించుకోకండి, భుజమే అర అంగుళం లోపలికి తీయాలి. ఆ కుట్టులో పాత నూలు చీర నుంచి నిలువుగా చింపిన సన్నపు పట్టీ పెట్టి కలిపి కుట్టండి. టాప్ బరువంతా భుజాల మీదే వేలాడుతుంది. ఆ పట్టీ సాగదు కాబట్టి భుజమూ సాగదు. పైసా ఖర్చు లేదు.

ఇక మెడ. మూడో టాప్‌లో, బిడ్డ దగ్గర నా పరువు తీసింది ఇదే. నేను చేసిన తప్పు ఏంటంటే, జాకెట్ మెడకు క్రాస్ పీస్ (ఐమూలగా తీసిన పట్టీ) మెడ ఎంత పొడుగుంటే అంత పెడతాం కదా, ఇక్కడా అట్లాగే మెడ ఎంతుందో పట్టీ అంతే కత్తిరించా. అంత పట్టీ అక్కడ ఏ పనీ చేయదు, ఊరికే వేలాడుతుంది. పట్టీ మెడకన్నా చిన్నదిగా ఉండి, మెడను లోపలికి లాగి పట్టుకోవాలి. మొత్తం విప్పి మళ్లీ కొలిచా. అక్కడ ఇంకో గోతిలో పడబోయా. కొలిచింది బట్ట మీద. అది అప్పటికే సాగి 26 చూపిస్తోంది. కాగితం మీద కొలిస్తే 24. కాగితమే నమ్మండి. 24కు దాదాపు 85 శాతం అంటే ఇరవైన్నర, జోడించడానికి ఇంకో అర అంగుళం, మొత్తం 21. రిబ్ బట్టలో (టీషర్టు మెడలకు వేసే, సన్న చారల అల్లికతో బాగా సాగే బట్ట) సాగే వైపు పొడుగుగా వచ్చేలా, రెండు అంగుళాల వెడల్పుతో పట్టీ తీశా. మెడను ఇస్త్రీ పెట్టెతో, తడి గుడ్డ వేసి, లాగకుండా పైపైన అదిమితే ఆవిరికి కొంచెం దగ్గరికొచ్చింది.

పట్టీని గుండ్రంగా జోడించి, నిలువునా సగానికి మడిచి, నాలుగు సమభాగాలుగా పిన్నులు పెట్టా. మెడకు కూడా నాలుగు పిన్నులు. చాలామంది భుజం కుట్ల దగ్గరే పిన్ను పెట్టేస్తారు. ముందు మెడ లోతు ఎక్కువ కదా, భుజం కుట్టు నాలుగో భాగం ఎట్లా అవుతుంది? ముందు మధ్య, వెనక మధ్య కలిపి మడిస్తే రెండు పక్కలా వచ్చే మడతలే మిగతా రెండు గుర్తులు. అవి భుజం కుట్టుకు కాస్త ముందుకే వస్తాయి. కుట్టేటప్పుడు పట్టీని మాత్రమే లాగాలి, మెడను ముట్టుకోవద్దు. రెండూ కలిపి లాగితే మళ్లీ గంపే.

సూది గురించి ఒక గొడవ పెట్టుకోవాలి. ప్రకాశం బజార్‌లో ఒక కొట్లో బాల్ పాయింట్ సూది అడిగితే "ఏ సూదైనా సూదే కదమ్మా" అని 16 నంబర్ మామూలు సూది చేతిలో పెట్టారు. దాని మొన పదును, ఉచ్చుల మధ్యలోంచి పోకుండా ఉచ్చునే తెంపుతుంది. రెండు ఉతుకులకు కుట్టు పక్కనే చిన్న చిన్న బొక్కలు. బాల్ పాయింట్ మొన గుండ్రంగా ఉంటుంది, దారాన్ని పక్కకు తోసుకుని పోతుంది. పలుచటి హోజరీకి 11 నంబర్ చాలు. కుట్టు కూడా సాగాలి కాబట్టి సన్న జిగ్‌జాగ్ కావాలి. నా తొక్కుడు మిషన్‌కు సూటి కుట్టు తప్ప రాదు. మా వీధి చివర చీరలకు ఫాల్, పీకో చేసే అక్క మిషన్ జిగ్‌జాగే కదా. "పీకో అంత దగ్గరగా వద్దక్కా, కుట్టు కొంచెం దూరం దూరంగా పెట్టు" అన్నా. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, ఒక పాత గుడ్డ మీద రెండు సార్లు తొక్కి, "ఇగో గిట్లనా?" అంది. గట్లనే. కింది అంచు అలలు అలలుగా వస్తుంటే పాదం మీద బరువు పెట్టే మర కొంచెం వదులు చేసి, గుడ్డ కింద పేపర్ ముక్క పెట్టి కుట్టమన్నా. కుట్టాక పేపర్ చింపేశాం.

నాకు నిజంగా కళ్లు తెరిపించింది మాత్రం గంజి. హోజరీ కత్తిరిస్తే అంచులు చుట్టుకుపోతాయి, బల్ల మీద ఒక పక్క సర్దితే ఇంకో పక్క జారుతుంది. అసలు సగం కొలతలు చెడేది అక్కడే. ఒకసారి బట్టను తడిపి ఉతికి నీడలో ఆరేశా, ఎందుకంటే నూలు హోజరీ మొదటి ఉతుకులోనే దగ్గరికి పోతుంది, ముఖ్యంగా పొడుగులో. తర్వాత పలుచగా వార్చిన గంజిలో ముంచి, పిండకుండా, దండెం మీద వేలాడదీయకుండా, నులక మంచం మీద పరిచి ఆరబెట్టా. ఆరాక ఇస్త్రీ చేస్తే చేతికి కాగితంలా తగిలింది. చాక్ గీత నిలబడింది, అంచు చుట్టుకోలేదు, కత్తెర సూటిగా పోయింది. కుట్టాక ఒక్క ఉతుకుతో గంజి పోయి బట్ట మళ్లీ మెత్తబడింది. మా అమ్మ నూలు చీరలకు వారం వారం చేసిన పనే. ఇన్నేళ్లు నాకు తట్టలేదు, ఏ వీడియోలోనూ చూడలేదు.

"రెండొందలు పెడితే బజార్ల రెడీమేడ్ దొరుకుతది, ఎందుకే ఈ తిప్పలు" అంది పక్కింటి వదిన. దొరుకుతుంది. ఛాతీకి సరిపోయేది తీసుకుంటే భుజాలు మోచేతుల దగ్గరుంటాయి, భుజాలకు సరిపోయేది తీసుకుంటే ఊపిరాడదు. రెడీమేడ్ టీషర్టులు తయారయ్యే తమిళనాడు తిరుప్పూరులో కుట్టేవాళ్లకు నా భుజం, నా ఛాతీ విడివిడిగా తెలియవు, వాళ్లకు తెలిసింది ఎల్, ఎక్సెల్. వదిన కూడా రెడీమేడ్ తెచ్చుకున్నాక చంకల దగ్గర తీయించుకోవడానికి వచ్చేది నా దగ్గరికే, అది వేరే సంగతి.

మెడ మార్చిన టాప్‌ను బుధవారం బిడ్డ చేతికిచ్చా. వేసుకుని, అద్దం ముందు నిలబడకుండా, నా ముందే మూడు సార్లు నేల మీదికి వంగి లేచింది. మెడ కదల్లేదు. "పర్లేదు" అంది. వెంటనే, "ఇంకోటి కుడితే మెడ నేను కొలుస్తా, నువ్వు ఆది జాకెట్ బయటికి తీయకు" అంది. నీలం రంగు బట్ట మీటరున్నర ఇప్పుడు గంజి బకెట్లో ఉంది.