గ్యారంటీకి అడ్డు శాలరీ క్యాప్ కాదు

ఏటా మార్చిలో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, కాంట్రాక్టు ముగిసిన ఆటగాళ్లు కొత్త జట్టుతో కుదుర్చుకునే ఫ్రీ ఏజెన్సీ మొదలవగానే ఫలానా ఆటగాడికి ఐదేళ్లకు ఇన్ని కోట్ల డాలర్లట అన్న వార్తలు మన వాట్సాప్ బృందాల్లోనూ తిరుగుతాయి. ఆ అంకెలో ఆటగాడికి తప్పక ముట్టేది గ్యారంటీ రాసిన భాగం మాత్రమే. మిగిలినది జట్టు అతడిని అట్టిపెట్టుకున్నంత కాలమే చెల్లుతుంది. బేస్‌బాల్‌లోనూ బాస్కెట్‌బాల్‌లోనూ కాంట్రాక్టు మొత్తానికి గ్యారంటీ ఉండటం మామూలు సంగతి కాగా, మోకాళ్లనూ మెదడునూ పణంగా పెట్టి ఆడే ఫుట్‌బాల్‌లోనే అది అరుదు కావడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

దీనికి శాలరీ క్యాప్‌ను, అంటే జట్టు జీతాల మీద లీగ్ పెట్టిన పరిమితిని, సాకుగా చూపడం పరిపాటి. 1994లో 3.46 కోట్ల డాలర్లతో మొదలై 2025లో 27.92 కోట్లకు చేరిన ఈ పరిమితి, ఒక ఏడాది ఆటగాళ్ల పద్దులో జట్టు ఎంత చూపవచ్చో నిర్ణయిస్తుందే తప్ప, రాసిన ఒప్పందాన్ని మధ్యలో తెంచమని ఎక్కడా అనదు. పైగా అందులో వెసులుబాటు చాలా ఉంది. ఐదేళ్ల కాంట్రాక్టులో 5 కోట్ల సైనింగ్ బోనస్ ఇస్తే, డబ్బు ఆటగాడికి మొదట్లోనే అందినా, క్యాప్ లెక్కలో ఏడాదికి కోటి చొప్పున పడుతుంది. రెండేళ్లకే అతడిని వదిలేస్తే మిగిలిన 3 కోట్లు డెడ్ మనీగా, అంటే జట్టులో లేని ఆటగాడి పేరున క్యాప్‌లో చూపే లెక్కగా, జట్టు మీద పడతాయి.

ఆ భారం జట్లను ముంచేస్తుందన్న భయానికి డెన్వర్ బ్రాంకోస్ అనుభవమే జవాబు. 2022లో క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) రసెల్ విల్సన్‌కు ఐదేళ్ల పొడిగింపు ఇచ్చిన ఆ జట్టు, 2023 సీజన్ చివరి రెండు మ్యాచ్‌లకు అతడిని పక్కన కూర్చోబెట్టి, 2025 జీతంలో 3.7 కోట్లు గ్యారంటీగా మారే గడువు రాకముందే, 2024 మార్చిలో వదిలేసింది. ఫలితంగా రెండేళ్లలో సుమారు 8.5 కోట్ల డెడ్ మనీ మోయవలసి వచ్చింది. విల్సన్ పిట్స్‌బర్గ్ తరఫున 12.1 లక్షల కనీస వేతనానికి ఆడుతుంటే, అతడికి ఆ ఏడాదికి హామీ ఇచ్చిన 3.9 కోట్లలో మిగతాదంతా డెన్వరే కట్టింది. అయినా అదే సీజన్‌లో, కొత్తగా వచ్చిన క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్‌తో, ఆ జట్టు ప్లేఆఫ్స్‌కు వెళ్లింది.

అసలు అడ్డంకి వేరే ఉంది. రాబోయే ఏళ్లకు గ్యారంటీ ఇచ్చిన సొమ్ములో అధికభాగాన్ని జట్టు యజమాని ముందుగానే జమ చేయాలన్న నిబంధన ఒకటి లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందంలో ఉంది. జట్లు దివాలా తీస్తాయేమోనన్న రోజుల్లో అది ఆటగాళ్లకు రక్షణ. ఇప్పుడు యజమానులకు డాలు. లెక్కలు బయటపెట్టే గ్రీన్ బే ప్యాకర్స్ జట్టుకు, 2025 మార్చితో ముగిసిన ఏడాదిలో లీగ్ పంచిన జాతీయ ఆదాయమే 43.26 కోట్లు వచ్చింది. 2024 క్యాప్ 25.54 కోట్లు. టికెట్టు ఒక్కటీ అమ్మకుండానే జీతాలు కట్టగల సంస్థ నుంచి ముందస్తు డిపాజిట్ అడగడంలో అర్థం లేదు.

ఇదంతా యజమానుల ఇష్టాయిష్టాల వ్యవహారమనడానికి ఆధారమూ ఉంది. 2022లో క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్‌కు 23 కోట్లు పూర్తి గ్యారంటీతో ఇచ్చాక, గ్యారంటీలు తగ్గించమని లీగ్ యాజమాన్యం జట్లను ప్రోత్సహించిందని, ఆటగాళ్ల సంఘం చేసిన ఫిర్యాదును విన్న ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) తన తీర్పులో పేర్కొన్నారు. జట్లు కుమ్మక్కైనట్టు మాత్రం రుజువు కాలేదన్నారు.

వాట్సన్ స్థాయి వారికి ఎలాగైనా గడిచిపోతుంది. నా బాధ మూడు నాలుగేళ్లలో ఆట ముగిసిపోయే మామూలు ఆటగాళ్ల గురించి. 2025 మేలో హ్యూస్టన్ టెక్సన్స్ జట్టు కొత్త ఆటగాడు జేడెన్ హిగిన్స్‌కు నాలుగేళ్లకూ పూర్తి గ్యారంటీ ఇచ్చింది. జట్లు కళాశాల ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ రెండో రౌండులో అది అంతకుముందు ఎవరికీ దక్కలేదు. దాంతో ఆ రౌండులోని మిగతావారిలో అత్యధికులు జూలై వరకు సంతకం చేయకుండా పట్టుబట్టి, తమ గ్యారంటీలను పెంచుకున్నారు. లీగ్‌తో ఆటగాళ్ల సంఘం ప్రస్తుత ఒప్పందం 2030 సీజన్‌తో ముగుస్తుంది. ఇప్పుడు సీజన్‌లో 17 మ్యాచ్‌లుండగా యజమానులు 18వ మ్యాచ్ కోరుతున్నారు. ఆ మ్యాచ్‌కు ఒప్పుకునే ముందు ఆటగాళ్ల సంఘం మొదట అడగవలసింది ఈ డిపాజిట్ నిబంధన రద్దునే.