తాళం నా చేతిలోనే ఉంది

నిన్న గుడివాడలో పెళ్లి. పగటి ముహూర్తం. విజయవాడ నుంచి నా 1998 మోడల్ మారుతి 800లో బయల్దేరాం. ముందు సీట్లో మావయ్యగారు, వెనక అత్తగారు, మా ఆవిడ, చదివింపుల సంచి. మే నెల, ఏసీ బెల్టు ఎప్పుడో తెగితే మళ్లీ వేయించలేదు, బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్. కంకిపాడు వచ్చేసరికి పెట్రోలు ముల్లు కిందికి, టెంపరేచర్ ముల్లు పైకి పోయి కూర్చున్నాయి. కనిపించిన మొదటి బంకులోకి తిప్పేశాను.

పంపు దగ్గర ఆపి, తాళం తిప్పి, బయటికి తీశాను. ఇంజిన్ ఆగలేదు.

ఆగకపోవడమంటే మామూలుగా నడుస్తూ ఉండటం కూడా కాదు. గడ్... గడగడ... టుక్... అని ఒక్క క్షణం ఆలోచించి, మళ్లీ గడగడ. బండంతా ఊగిపోతోంది. డాష్‌బోర్డు మీద వినాయకుడు అడ్డంగా తల ఊపుతున్నాడు. పంపు కుర్రాడు గొట్టం పట్టుకుని వచ్చాడు.

"ఇంజిన్ ఆపండి సార్."

"ఆపాను బాబూ."

వాడు బానెట్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఆగలేదు సార్."

"తెలుసు. కానీ ఆపాను." తాళం కిటికీలోంచి బయట పెట్టి చూపించాను. దానికి వేలాడుతున్న తిరుపతి వెంకన్న కీచైన్ కూడా చూపించాను. ఆ కీచైన్ ఎందుకు చూపించానో ఇప్పటికీ అర్థం కాలేదు, సాక్ష్యం కింద కాబోలు.

పైన పెద్ద బోర్డు: ఇంజిన్ ఆపవలెను, పొగ త్రాగరాదు, సెల్‌ఫోన్ వాడరాదు. మొదటి రెండు నియమాలనీ నా బండి ఒక్కతే ఉల్లంఘిస్తోంది. వెనక బైకు మీదాయన మా మీద వీడియో తీస్తూ మూడోది పూర్తిచేశాడు.

1983 డిసెంబర్ 14న ఢిల్లీలో ఇందిరా గాంధీ మొట్టమొదటి మారుతి తాళాలు కొన్నాయన చేతిలో పెట్టిన ఫొటో మనందరం చూసిందే. ఆ తాళం తీస్తే ఆ బండి ఆగిందా లేదా అన్నది ఎవరూ రాయలేదు గానీ, ఆగే ఉంటుంది. కంపెనీ వాళ్లు చేసిన బండి ఆగుతుంది. ఆగనిది ఆటోనగర్‌కి వెళ్లొచ్చిన బండి.

"తాళం పూర్తిగా తీశారా బాబూ?" అని వెనక నుంచి అత్తగారు. ఆవిడ తృప్తి కోసం మళ్లీ పెట్టి, మళ్లీ తిప్పి, మళ్లీ తీశాను. ఇంజిన్‌కి ఈ విషయంతో ఏ సంబంధమూ లేదు. మావయ్యగారు ఆర్టీసీలో రిటైరయ్యారు, అకౌంట్స్ సెక్షన్‌లో. అయినా ఇంజిన్ల విషయంలో ఆయనది ఆఖరి మాట. "మా డిపోలో అయితే ఇలాంటి బండిని ఈపాటికి కండెమ్ చేసేసేవాళ్లం అల్లుడుగారూ. మీరేమో 2023లో 5,000 కట్టి మరీ ఆర్సీ రెన్యువల్ చేయించారు" అన్నారు. ఏ సంవత్సరంలో ఎంత కట్టానో నాకు గుర్తుండదు, ఆయనకి ఉంటుంది. అకౌంట్స్ కదా.

ఈ గడగడ వెనక కథ చెప్పాలి, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. పోయిన వారం బండి సిగ్నల్ దగ్గర నిలబడితే చాలు ఆగిపోతోందని మన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఇది కార్బొరేటర్ బండి, అంటే పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే డబ్బా ఉన్న పాతకాలం బండి. ఆ కార్బొరేటర్‌కి పక్కన బొటనవేలంత సొలినాయిడ్ వాల్వు ఒకటి ఉంటుంది. తాళం ఆన్ చేస్తే అందులో పిన్ను టిక్కుమని వెనక్కి జరిగి, బండి నిలబడి ఉన్నప్పుడు తాగే పెట్రోలుకి దారి ఇస్తుంది. తాళం తీస్తే ముందుకొచ్చి ఆ దారి మూసేస్తుంది. నా బండిలో ఆ వాల్వు కాలిపోయి పిన్ను మూసుకున్న చోటే ఉండిపోయింది. అంటే కొత్తది వెయ్యాలి. మన వాడు ఏం చేశాడంటే, వాల్వు ఊడదీసి, కటింగ్ ప్లేయర్‌తో ఆ పిన్ను చివర కటుక్కున కత్తిరించి, మళ్లీ బిగించేశాడు. బండి నిలబడ్డప్పుడు ఇంజిన్ వేగం పెంచే ఐడ్లింగ్ స్క్రూ కూడా ఇంకో రెండు చుట్లు తిప్పాడు. "కొత్తదెందుకు సార్ దండగ. ఇంక జన్మలో ఆగదు" అన్నాడు. నేను 600 ఇచ్చి, పైగా టీ తాగించాను.

ఇప్పుడు ఆ దారికి తలుపు లేదు. తాళం తీస్తే పెట్రోలుని వెలిగించే ప్లగ్గులకి కరెంటు పోతుంది, నిజమే. కానీ పాతికేళ్లుగా పిస్టన్ల నెత్తిన పేరుకున్న మసి, ఆ వేడికి పొయ్యిలో నిప్పుకణికలా ఎర్రగా కూర్చుని ఉంటుంది. ఇంజిన్ తిరిగినంతసేపూ పెట్రోలు లాక్కుంటూనే ఉంటుంది, ఆ పెట్రోలుని ఆ మసే వెలిగిస్తుంది. ప్లగ్గులు అక్కర్లేదు, తాళం అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. 796 సీసీ, మూడు సిలిండర్లు, సంపూర్ణ స్వాతంత్ర్యం.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. బంకులో ఉన్నప్పుడు మాత్రం తాళం పట్టుకుని దానివైపు చూస్తూ నిలబడ్డాను. ఈలోపు క్యాషు లెక్కపెట్టుకునే ఆవిడ కూడా బయటికొచ్చి "ఆయన్ని ఇంజిన్ ఆపమనవయ్యా" అంది. కుర్రాడు "ఆపారంటండీ" అన్నాడు. ఆ 'అంట' నాకు ఎక్కడో తగిలింది. ఇసక బకెట్టు ఇంకొకడు తెచ్చి నా టైరు పక్కన పెట్టాడు, మర్యాదగానే పెట్టాడు.

వెనక లారీలోంచి డ్రైవరు దిగొచ్చాడు, లుంగీ మడిచి కట్టుకుంటూ. చెవి బానెట్ దగ్గర పెట్టి ఒక్క క్షణం విన్నాడు. "నాలుగో గేర్లో వెయ్యండి. బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ ఒక్కసారి ఒదిలెయ్యండి."

ఒదిలాను. బండి ముందుకి ఒక్క ఎగురు ఎగిరి, ఠక్కున చచ్చింది. అత్తగారి ఒళ్లోని మల్లెపూల పొట్లం వెళ్లి మావయ్యగారి బట్టతల మీద విచ్చుకుంది. ఎంత ప్రశాంతంగా ఉందంటే, గేటు దగ్గర టైర్లకి గాలి కొట్టే మిషన్ చప్పుడు కూడా వినపడింది.

"జీరో చూసుకోండి సార్" అన్నాడు కుర్రాడు.

పెట్రోలు కొట్టించాక అది స్టార్ట్ కాలేదు. లారీ ఆయన, బైకాయన, పట్టుచీరలో మా ఆవిడ తోశారు. మేం వెళ్లేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి, భోజనాల్లో పూర్ణం బూరెలు అయిపోయాయి.

చెయ్యి కడుక్కోగానే మెకానిక్‌కి ఫోన్ చేశాను. తాళం తీసినా ఇంజిన్ ఆగట్లేదని మొత్తం చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"అంటే ఆగట్లేదు."

"ఆగట్లేదు."

"పోయిన వారం ఆగిపోతోందన్నారు. ఆగకుండా చేశాను. ఇప్పుడు ఆగట్లేదంటారు. ముందు ఒక మాట మీద ఉండండి సార్."

నేను గొంతు పెంచేసరికి పందిట్లో నలుగురు తిరిగి చూశారు. వాడు మాత్రం పెంచలేదు. సోమవారం తెమ్మన్నాడు, కొత్త వాల్వు వేస్తాడట. పిన్ను కత్తిరించింది తనే కాబట్టి, మనిషి మనిషిగా ఉండాలి కాబట్టి, ఊడదీసినందుకు ఏమీ తీసుకోడట. బిగించడానికి మాత్రం మామూలు రేటే.