అందగత్తెలు చేసిన అపచారాలు

పాతకాలపు హాలీవుడ్ నాయికలను ఆరాధించడం ఆషామాషీ వ్యవహారం కాదు. దానికి ఓపిక కావాలి, నలుపు తెలుపుల మీద భక్తి కావాలి, అన్నిటినీ మించి ఆ నాయిక తెర దిగాక ఏం చేసిందో తెలుసుకోకుండా ఉండగలిగే నిగ్రహం కావాలి. ఈ నిగ్రహం అలవడనివాడు ఎంతటి రసికుడైనా ఏదో ఒక రోజు మనసు కష్టపెట్టుకోక తప్పదు. అలా కష్టపడినవారి పక్షాన, వారు మొహమాటం కొద్దీ పైకి చెప్పుకోలేని ఫిర్యాదులను ఇక్కడ విన్నవిస్తున్నాను.

అందరికంటే పెద్ద అపచారం హెడీ లమార్‌ది. 1914లో వియన్నాలో పుట్టిన ఈ హెడ్విగ్ కీస్లర్‌ను ఎం.జి.ఎం. అధినేత లూయీ బి. మేయర్ హాలీవుడ్‌కు రప్పించి, కొత్త పేరు పెట్టి, ప్రపంచంలోకెల్లా అందగత్తె అని ఊరూవాడా చాటింపు వేయించాడు. నడినెత్తిన పాపిడి, నల్లని కురులు, చలువరాతిలో చెక్కినట్టున్న ముక్కు చూస్తే మన ప్రబంధకవి అవతారికను కూడా పక్కనపెట్టి వర్ణనకు దిగేవాడు. ఇంత ఏర్పాటూ జరిగాక ఆమె చేయవలసిందల్లా దీపాల కింద కదలకుండా నిలబడడమే. ఆ కాస్త పనీ బుద్ధిగా చేసుకోక, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో, నీటిలో దూసుకెళ్లి ఓడలను పేల్చే టార్పెడోను రేడియో సంకేతంతో నడిపితే దాన్ని శత్రువు దారి తప్పించకుండా ఏం చేయాలన్న ఆలోచనలో పడింది. సంకేతాన్ని ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉంచకుండా ఒకదాని మీది నుంచి మరొకదాని మీదికి గెంతిస్తూ పోతే, ఆ గెంతుల వరస తెలియని శత్రువు దానికి అడ్డుపడలేడు. పంపే యంత్రమూ అందుకునే యంత్రమూ ఒకే వరసలో గెంతడానికి, తనంతట తానే మోగే పియానోలో ఉండే చిల్లుల కాగితపు చుట్ట లాంటిదాన్ని రెండు వైపులా పెట్టాలని ఆమే, సంగీతకర్త జార్జ్ ఆంథైల్ కలిసి రాసుకొచ్చారు. ఫ్రీక్వెన్సీలు 88, అంటే పియానోకు ఎన్ని మెట్లో సరిగ్గా అన్ని. 1942 ఆగస్టులో దీనికి పేటెంటు కూడా వచ్చింది.

అమెరికా నౌకాదళం రసహృదయం కలది కాబట్టి ఆ కాగితాలను భద్రంగా అటకెక్కించింది. దేశానికి సేవ చేయాలని ఉంటే యుద్ధ బాండ్లు అమ్మిపెట్టడం మేలన్న హితవు ఆమెకు అందిందని చెబుతారు, ఆమె ఆ పనీ చేసింది. ఆ పేటెంటు మీద మాత్రం ఆమెకు చిల్లిగవ్వ రాలేదు. నేటి బ్లూటూత్ కూడా ఫ్రీక్వెన్సీల గెంతుల మీదే నడుస్తుంది కనుక, ఇప్పుడు ఆరాధకులు కొంత మెత్తబడి, ఏటా ఆమె పుట్టినరోజైన నవంబరు 9న ఆమె ఫోటో పెట్టి ‘ఇంత అందానికి ఇంత తెలివా’ అని నోరెళ్లబెడుతున్నారు. ఆంథైల్ విషయంలో ఈ చిక్కు రాలేదు. ఆయన ముక్కు తీరుగా ఉందా లేదా అన్నది తేల్చకుండానే ఆయన తెలివిని లోకం ఒప్పేసుకుంది.

రీటా హేవర్త్ చేసినది వేరే రకం తప్పు. ఆమె అందం పుట్టుకతో వచ్చినదని నమ్మి మురిసిపోతున్నవారికి, అది కొంతవరకు స్టూడియో కార్ఖానాలో తయారైన సరుకన్న సంగతి తెలియనిచ్చింది. మార్గరీటా కార్మెన్ కాన్సీనో అన్న పేరు తీసేశారు, నల్లటి జుట్టుకు ఎర్రని రంగు వేశారు. నుదురు చిన్నదిగా ఉందని తోచి, ముందు వరస వెంట్రుకలను ఒక్కొక్కటిగా కుదుళ్లలోకి విద్యుత్తు పంపి నిర్మూలించి, జుట్టు మొదలయ్యే గీతనే వెనక్కి జరిపారు. పొలం గట్టు జరిపినా పంచాయతీ పెట్టే లోకం, ఆడమనిషి నుదుటి గట్టు జరిపితే చప్పట్లు కొట్టింది. 1946లో బికినీ దీవుల్లో పరీక్షించిన అణుబాంబు మీద ఆమె బొమ్మ అతికించారు. ఒక స్త్రీ అందానికి ఇంతకు మించిన సన్మానం ఏముంటుంది చెప్పండి? అయినా ఆమె ఒళ్లు తెలియని కోపంతో మండిపడిందని అప్పటి భర్త ఆర్సన్ వెల్స్ తర్వాత చెప్పాడు.

వెరోనికా లేక్‌ను క్షమించవచ్చు. ఒక కంటిమీదికి జారే ఆమె జుట్టును చూసి ఫ్యాక్టరీల్లో పనిచేసే అమ్మాయిలు కూడా అలాగే విరబోసుకుంటే యంత్రాల్లో చిక్కుకుంటుందని, యుద్ధకాలంలో ప్రభుత్వమే ఆమెను జుట్టు ముడి వేసుకోమంది.

గ్రెటా గార్బోను మాత్రం క్షమించడం కష్టం. 1933 నాటి ‘క్వీన్ క్రిస్టినా’ చివర ఓడ ముందు భాగాన నిలబడిన ఆమె ముఖంలో విరహాన్నీ వైరాగ్యాన్నీ వేదాంతాన్నీ చూసినవారు కోకొల్లలు. దర్శకుడు మమూలియన్ ఆమెతో ఏమీ ఆలోచించవద్దని, ముఖాన్ని ఖాళీగా ఉంచమని చెప్పాడన్నది వారికి ఎవరూ చెప్పకుండా ఉండవలసింది. ఆమె 36 ఏళ్లకే నటన మానేసి, 1990లో కన్నుమూసేదాకా, ఎవరి అనుమతీ తీసుకోకుండా న్యూయార్కు వీధుల్లో నడుచుకుంటూ ముసలిదైపోయింది. అభిమానులు కెమెరాలతో వెంటపడితే ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మార్లీన్ డీట్రిచ్ ఇంకా గడుసుది. దర్శకుడు స్టెర్న్‌బర్గ్ ప్రధాన దీపాన్ని ముఖానికి ఎదురుగా బాగా ఎత్తున పెట్టించేవాడు. దాంతో ముక్కు కింద చిన్న సీతాకోకచిలుక ఆకారపు నీడ పడి, బుగ్గలు లోతుకు పోయి, చెంప ఎముకలు తేలేవి. ఆ కిటుకంతా ఆమె నేర్చేసుకుని, ఆ తరువాత దీపాలవాళ్లకే పాఠాలు చెప్పేది. మాక్సిమిలియన్ షెల్ ఆమె జీవితం మీద తీసిన డాక్యుమెంటరీ 1984లో వచ్చింది. అప్పటికి ఎనభై దాటిన ఆమె, గొంతు మాత్రం ఇస్తాను, ముఖం చూపించనని భీష్మించుకుంది. ముఖం కోసం వెళ్లిన ఆరాధకులు సినిమా పొడుగునా, తెర వెనుక నుంచి ఆ ముసలామె దర్శకుణ్ని చెడామడా దులిపేయడం విని ఇంటికి వచ్చారు.