18 నిండితే పిల్లల డబ్బు పోతుందా? ఆ మెసేజ్‌కి నా జవాబు

మా వాడికి డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే ఉండే జన్యు తేడా వల్ల కొంత బుద్ధి మాంద్యం. వాడికి 18 నిండడానికి నెల ముందు నుంచి ఒకే వాట్సాప్ మెసేజ్ నాకు ఆరేడుసార్లు వచ్చింది. చెల్లెలు పంపింది, ఆడపడుచు పంపింది, థెరపీ సెంటర్ గ్రూపులో ఎవరో ఒకరు వేస్తూనే ఉన్నారు. సారాంశం ఇదీ: దివ్యాంగ పిల్లలకు 18 నిండగానే బ్యాంకు అకౌంట్ లాక్ చేసేస్తుంది. ఆ తర్వాత కోర్టు ఆర్డర్ ఉంటేనే డబ్బు, దానికి ఏళ్లు పడుతుంది. పదేళ్లు దాటితే సొమ్ము ప్రభుత్వానికి పోతుంది. కాబట్టి పుట్టినరోజుకు ముందే మొత్తం తీసి మీ ఖాతాలో వేసుకోండి. పదిమందికి పంపి పుణ్యం కట్టుకోండి.

లాక్ సంగతి సగం నిజం. 18 నిండాక గార్డియన్‌గా నా సంతకం చెల్లదు. అయితే అది మా వాడికొక్కడికే కాదు, ఇంజినీరింగ్‌లో చేరిన పక్కింటి కుర్రాడికీ అంతే. మేజర్ అయినవాళ్ల కేవైసీ, కొత్త సంతకం తీసుకుని బ్యాంకు అకౌంట్ వాళ్ల చేతికిస్తుంది. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే సిప్ ఉంటే మైనర్ నుంచి మేజర్‌గా మార్చే ఫారం ఇచ్చేదాకా ఆగుతుంది. ఆగడం వేరు, పోవడం వేరు.

నాకు ఒళ్లు మండింది రెండో మాటకి. వైకల్యం ఉంటే చాలు, కోర్టు ఆర్డర్ కావాలట! చూపు లేని పిల్లకి, వీల్‌చెయిర్‌లో తిరిగే పిల్లాడికి గార్డియన్ ఎందుకు? సొంత డబ్బు వ్యవహారాలు తామే చూసుకునే హక్కు అందరితో సమానంగా ఉందని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. చూపు లేదని చెక్‌బుక్, ఏటీఎం కార్డు, లాకర్ నిరాకరించకూడదని ఆర్‌బీఐ బ్యాంకులకు ఎప్పుడో చెప్పింది. సంతకం పెట్టలేనివాళ్లకు వేలిముద్ర, అదీ కుదరకపోతే కాలి వేలిముద్ర తీసుకునే పద్ధతి ఉంది. దానికి ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు బ్యాంకు ఉద్యోగే.

బుద్ధి మాంద్యం ఉన్న పిల్లల విషయంలో కూడా వైకల్య సర్టిఫికెట్ చూసి తీర్పు చెప్పేయకూడదు. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా నడుపుకునే సేవింగ్స్ అకౌంట్‌కి 2014లోనే ఆర్‌బీఐ వీలు కల్పించింది. మా వాడికి 14వ ఏట అలాంటిది ఒకటి తెరిచాం. పాత క్యాలెండర్ కాగితాల వెనక వేసవంతా సంతకం దిద్దాడు. మేజర్ అయ్యాక కొత్త సంతకం ఇవ్వడానికి వెళ్తే కౌంటర్‌లో అమ్మాయి నావైపు చూసి, "బాబుకి సంతకం వచ్చా అమ్మా?" అంది. వీడు తలెత్తకుండా, "వచ్చు" అన్నాడు.

అలాగని అన్నీ వాడే చూసుకోగలడని చెప్పను. మూడు వందలు లెక్కపెడతాడు. తాతయ్య వాడి పేర వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ అంటే ఏమిటో వాడికి అందదు. దానికి గార్డియన్‌షిప్ కావాల్సిందే. కానీ అందుకు కోర్టు అక్కర్లేదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధి మాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. దాని ప్రకారం జిల్లాకో లోకల్ లెవెల్ కమిటీ ఉండాలి. అందులో కలెక్టర్ స్థాయి అధికారి, రిజిస్టరైన సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు ఉంటారు. తల్లిదండ్రులిద్దరూ కలిసి దరఖాస్తు పెట్టాలి. అసలు గార్డియన్ అవసరమా, అవసరమైతే ఏ పనులకు అనేది కమిటీ చూడాలి. మాకు నాలుగు నెలలు పట్టింది.

తీరా కమిటీ ఇచ్చిన గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ పట్టుకెళ్తే డిపాజిట్ ఉన్న బ్యాంకులో మేనేజర్ ఇలాంటిది ఎప్పుడూ చూడలేదట, కోర్టు కాగితమే తెమ్మన్నారు. ఈ సర్టిఫికెట్ మీద అకౌంట్ నడపనివ్వొచ్చని ఆర్‌బీఐ 2007లో ఇచ్చిన సర్క్యులర్ ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టాను. వారం తర్వాత ఫోన్ వచ్చింది. ఆ మెసేజ్ పుట్టింది ఇలాంటి కౌంటర్ల దగ్గరేనేమో అని నా అనుమానం.

కోర్టు మాట నిజమయ్యే చోటూ ఉంది. స్కిజోఫ్రీనియా లాంటి మానసిక జబ్బులున్నవాళ్లు, ప్రమాదంలో కోమాలోకి వెళ్లినవాళ్లు ఈ 1999 చట్టం కిందికి రారు. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో ఆస్తి చూసుకునే గార్డియన్ ఊసే లేదు. వాళ్ల తరఫున ఇంట్లోవాళ్లు చాలాసార్లు కోర్టుకి వెళ్లాల్సి వస్తుంది.

పదేళ్ల కథ చిన్నది. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు ఆర్‌బీఐ దగ్గర ఒక నిధికి వెళ్తాయి. ఆ తర్వాత కూడా ఖాతాదారు బ్యాంకులో అడిగి తీసుకోవచ్చు.

ఇక మొత్తం తీసి మీ ఖాతాలో వేసుకోమన్న సలహా. మెసేజ్‌లో నిజంగా ప్రమాదకరమైంది ఇదే. ఆ డబ్బు పిల్లవాడిది. మన ఖాతాలో పడితే దాని వడ్డీ మన ఆదాయం కిందికొస్తుంది. మామూలుగా మైనర్ల ఆదాయాన్ని తల్లిదండ్రుల ఆదాయంతో కలిపి పన్ను వేస్తారు కానీ, ఆదాయపు పన్ను చట్టం గుర్తించిన వైకల్యం ఉన్న పిల్లలకు ఆ చట్టమే మినహాయింపు ఇచ్చింది. చేతులారా దాన్ని ఎందుకు పోగొట్టుకోవాలి? రేపు నాకేమైనా అయితే ఆ డబ్బు నా ఆస్తిలో కలిసి వారసులందరికీ వాటాలవుతుంది. వాడి తాత వాడి కోసం దాచింది వాడికే మిగలకుండా పోతుంది.

గార్డియన్‌గా ఉంటే లెక్క చెప్పాలి. నియామకం అయిన ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఆ తర్వాత ఏటా జమాఖర్చులు కమిటీకి ఇవ్వాలి. మందులు, థెరపీ ఫీజు, వాడి బూట్లు అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నాను. తలనొప్పే, కాదనను.

వాడి చిన్న అకౌంట్ మాత్రం వాడిదే. నెలలో మొదటి శనివారం వెళ్లి మూడు వందలు తీసుకుంటాడు. రెండుసార్లు లెక్కపెట్టి జేబులో పెట్టుకుంటాడు. కౌంటర్‌లో ఆ అమ్మాయి ఇప్పుడు నావైపు చూడదు, "ఎంత కావాలి?" అని వాణ్ణే అడుగుతుంది.