నక్షత్రం అడిగారు, మేనమామ ఆపరేషన్ అడగలేదు

మన సంఘం ఉగాది సంబరాలలో ఈసారి పచ్చడి కుదిరింది, పిల్లల నాటిక కుదిరింది, భోజనాల వరుస ఎప్పటిలాగే హాలు దాటి పార్కింగ్ దాకా పాకింది. వాటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదంతా వధూవరుల పరిచయ వేదిక పక్కన మధ్యాహ్నం వరకు ఉండి, భోజనాలయ్యేసరికి కనిపించకుండా పోయిన ఒక బల్ల గురించి.

ఈ అమెరికాలోనే పుట్టి ఇక్కడే వైద్యం చదువుతున్న మన పిల్లలిద్దరు ఆ బల్ల వేశారు. కుటుంబ ఆరోగ్య చరిత్ర నింపుకోవడానికి రెండు పేజీల పత్రం తయారు చేసుకొచ్చారు. అమ్మ వైపు ఎవరికి ఏ జబ్బు, నాన్న వైపు ఎవరు ఏ వయసులో పోయారు, మత్తు మందు ఎవరికైనా పడలేదా, దగ్గరి చుట్టరికంలో పెళ్ళిళ్ళు ఉన్నాయా, ఇవీ ప్రశ్నలు. మైకు పట్టుకున్న పెద్దమనిషి ఒకరు, "శుభమా అని సంబంధాలు మాట్లాడుకునే చోట రోగాల పట్టికలేమిటండీ" అన్నారు. చప్పట్లు పడ్డాయి. బల్లను చెప్పులు విడిచే చోటికి మార్చారు. ఆ తర్వాత ఆ పిల్లల దగ్గర ఆగినవాళ్ళందరూ బాత్‌రూము ఎటు అని అడిగినవాళ్ళే.

పరిచయ వేదిక దరఖాస్తు మీలో చాలామంది నింపే ఉంటారు. నక్షత్రం, పాదం, గోత్రం, మేనమామల ఇంటిపేరు, ఎత్తు, రంగు, వీసా ఏ దశలో ఉంది, గ్రీన్‌కార్డు వరుసలో ఎంత వెనక ఉన్నారు, అన్నీ అడుగుతారు. మేనమామల ఇంటిపేరు అడిగేవాళ్ళు ఆ మేనమామకు ఏమైందో మాత్రం అడగరు. నాకు ఈ కోపం ఊరికే రాలేదు.

మాది తెనాలి, ఆర్యవైశ్యులం. కులం ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది. మా అమ్మ నా రెండో కాన్పుకు వచ్చినప్పుడు ఒక రాత్రి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయింది. పిత్తాశయంలో రాళ్ళు, చీము పట్టింది, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. మత్తు ఇచ్చే డాక్టరమ్మ మంచం పక్కకు వచ్చి, ఫోనులో దుబాసీని పెట్టుకుని, ఒక్కొక్కటే ఓపికగా అడిగింది. మీకు గుండెజబ్బు ఉందా, కట్టుడు పళ్ళు ఉన్నాయా, మీ ఇంట్లో ఎవరికైనా మత్తు మందుతో ఇబ్బంది వచ్చిందా. అమ్మ చివరి ప్రశ్నకు కొంచెం ఆగి, "అబ్బే, అలాంటివేమీ లేవమ్మా" అంది. ఆ ఆగడం నేను చూశాను, నొప్పి వల్ల అనుకున్నాను.

ఆపరేషన్ సజావుగా అయింది. కానీ అమ్మ ఊపిరి తీసుకోలేదు. కాలు కదలలేదు, కనురెప్ప కదలలేదు. అనుభవమున్న డాక్టరు కనుక విషయం త్వరగానే పసిగట్టి, అమ్మను నిద్రలోనే ఉంచి, యంత్రంతో శ్వాస ఇస్తూ కాచుకుని కూర్చుంది. మేము బయట కుర్చీలలో ఉన్నాం, చంకలో పసిబిడ్డ. సాయంత్రానికి కండరాలలో కదలిక వచ్చింది. ట్యూబు తీశాక అమ్మ అన్న మొదటి మాట "పిల్ల పాలు తాగిందా" అని.

జరిగింది ఇదీ. ఆపరేషన్‌కు ముందు గొంతులోకి ట్యూబు వేయడానికి కండరాలను సడలించే మందు ఇస్తారు. తొందరగా పనిచేయాలంటే వాడే పాత మందు సక్సినైల్‌కోలిన్. మన రక్తంలో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఉంటుంది, అది ఆ మందును కొద్ది నిమిషాలలోనే విరిచేస్తుంది. ఆ ఎంజైము పుట్టుకతోనే లేనివాళ్ళలో మందు గంటల తరబడి అలాగే ఉండిపోతుంది. శ్వాస యంత్రం మీద ఉన్నంతసేపు ప్రాణానికి ముప్పు లేదు. ఏమవుతోందో తెలియని చోట, యంత్రం లేని చోట, తొందరపడి ట్యూబు తీసేసిన చోట పరిస్థితి వేరు. రక్త పరీక్షలో అమ్మకు ఆ ఎంజైము దాదాపు లేదని తేలింది. సక్సినైల్‌కోలిన్, మివాక్యూరియం అనే రెండు మందులూ వాడకూడదని ఒక కార్డు రాసిచ్చారు. వాటి బదులు వాడదగ్గ మందులు వేరే ఉన్నాయి, అంటే ముందే తెలిస్తే ఇది అసలు సమస్యే కాదు.

ఆ రాత్రి ఇండియాకు ఫోన్ చేస్తే పెద్ద మామయ్య తాపీగా అన్నాడు: "అవునే, నాకూ అంతే అయింది, గుంటూరులో వరిబీజం ఆపరేషన్‌కు." అక్కడి డాక్టరు అప్పుడే కాగితం మీద రాసి, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు చెప్పమన్నాడట. ఆ కాగితం బీరువాలో పట్టుచీరల కిందికి వెళ్ళింది. ఎందుకంటే మామయ్య పెద్దకూతురికి సంబంధం ఖాయమయ్యే సమయం, "వాళ్ళింట్లో ఏదో ఉందట" అన్న మాట బయటికి పొక్కకూడదు. అమ్మకు ఇదంతా తెలుసు. మరి డాక్టరమ్మ అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదమ్మా అంటే, నా వైపు వింతగా చూసి, "అల్లుడుగారు పక్కనే నిలబడి ఉంటే పుట్టింటి రోగం ఎలా చెప్పమంటావే" అంది.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ రహస్యానికి అసలు విలువే లేకపోవడం. ఈ ఎంజైము లేనివాళ్ళు మామూలుగా తింటారు, తిరుగుతారు, పిల్లల్ని కంటారు, నిండు నూరేళ్ళు బతుకుతారు. పెళ్ళికి ఇది ఏ విధంగానూ అడ్డు కాదు. ఒక్క ఆపరేషన్ బల్ల మీద, అదీ ఎవరూ చెప్పకపోతేనే, అది ప్రాణం మీదికి వస్తుంది.

ఇక కులం సంగతి. వైశ్యులలో ఈ లోపానికి కారణమైన జన్యు మార్పును కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, విదేశీ సహచరులతో కలిసి, 2006లో ప్రచురించారు. ఎంజైమును కూర్చే అమైనో ఆమ్లాల వరుసలో 307వ స్థానంలో ల్యూసిన్ ఉండవలసిన చోట ప్రోలిన్ ఉంది, మార్పు అంత చిన్నది. 2017లో హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు కలిసి వెలువరించిన అధ్యయనం మరీ సూటిగా చెప్పింది: ఈ లోపం వైశ్యులలో ఇతరులలో కంటే దాదాపు 100 రెట్లు ఎక్కువ. రోగి వైశ్యులని తెలిస్తే ఈ మందుల జోలికి పోకపోవడం ఇండియాలో చాలామంది మత్తు డాక్టర్లకు అలవాటు. ఇక్కడి డాక్టరమ్మకు అమ్మ చీర కనిపించింది గాని కులం ఎలా కనిపిస్తుంది?

మిగతా కులాలవారు హాయిగా ఊపిరి పీల్చుకోనక్కరలేదు. ఆ అధ్యయనంలో పరిశీలించిన దక్షిణాసియా సముదాయాలలో 81 సముదాయాలు, ఎప్పుడో కొద్దిమంది పూర్వీకులతో మొదలై తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ పెరిగిన తీరులో, అదే తీరుకు పేరుపడ్డ ఐరోపా మూలాల అష్కెనాజీ యూదులను, ఫిన్లాండు ప్రజలను మించిపోయాయి. ఆ జాబితాలో పట్టపు కాపు, వడ్డె, అగ్నికుల క్షత్రియ వంటి తెలుగు సముదాయాలూ ఉన్నాయి. దాదాపు ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుగా వస్తుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒక ప్రతి చెడితే చాలా జబ్బులలో మనకేమీ కాదు, తెలియను కూడా తెలియదు. భార్యాభర్తలిద్దరిలో అదే ప్రతి చెడి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండూ చెడినవే వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. గోత్రం వేరైతే చాలు, రక్తసంబంధం లేనట్టే అనుకుంటాం. కొద్దిమంది నుంచి పెరిగిన కులంలో గోత్రాలు ఎన్ని ఉన్నా మూలంలో అందరూ దూరపు బంధువులే.

మేనరికాలను ఇక్కడ వేదికలెక్కి తిట్టడం ఇప్పుడు ఫ్యాషన్. నేను తిట్టలేను. మా అమ్మమ్మది సొంత మేనమామతోనే పెళ్ళి. అత్తగారు తన అమ్మమ్మే కావడం వల్ల ఆమెకు కొత్త కోడలి కన్నీళ్ళంటే తెలియదు. వేళకు అన్నం, జ్వరమొస్తే తలగడ దగ్గర కూర్చునే మనిషి, పొలం ముక్కలు కాకుండా ఉండటం, ఇవన్నీ నిజమైన మేళ్ళే. కానీ మేనమామ మేనకోడళ్ళకు పుట్టిన బిడ్డలో ఏ జన్యువుకైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడివి అయ్యే అవకాశం ఎనిమిదింట ఒకటి, బావామరదళ్ళ బిడ్డలో పదహారింట ఒకటి. మా అమ్మకూ మామయ్యకూ ఆ లోపం అలాగే వచ్చింది. వాళ్ళిద్దరి మధ్యా పుట్టి మాట రాకుండానే పదేళ్ళకు పోయిన పిన్ని పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. దిష్టి తగిలిందనేవారు. ఆ పిన్నికి ఏ జబ్బో ఇప్పుడు ఏ పరీక్షా చెప్పలేదు, ఎవరూ ఏదీ రాసి పెట్టలేదు గనుక.

గుండె సంగతి మీకు వేరే చెప్పాలా? మన సంఘంలో నలభైలలోనే స్టెంట్ వేయించుకున్నవాళ్ళతో ఒక వాలీబాల్ జట్టు కట్టవచ్చు. స్టెంట్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ మందును శరీరం తనలో మార్చుకుంటేనే అది పనిచేస్తుంది. ఆ మార్పు చేసే సివైపి2సి19 జన్యువు మందగించినవాళ్ళు మనలో ఐరోపా వారిలో కంటే ఎక్కువ. అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మందు మీద 2010లోనే హెచ్చరిక ముద్ర వేయించింది. గుండె కండరానికి సంబంధించి దక్షిణాసియా వారిలో సుమారు 4 శాతం మందిలో కనిపించే ఇంకో మార్పును తంగరాజ్ బృందం 2009లో బయటపెట్టింది. మీ డాక్టరును ఈ రెండింటి గురించీ అడగండి. అడగకపోతే చాలామంది చెప్పరు.

అభ్యంతరాలు లేకపోలేదు, వాటిలో బలమూ ఉంది. కులం పేరు చెప్పి రోగం అంటగడితే రేపు మన ఆడపిల్లలకే నష్టమని ఒక అక్కగారు నాతో అన్నారు. ఆమె భయం ఉత్తది కాదు, దాని ఫలితం మా మామయ్య బీరువాలోనే చూశాం. బీమా సంగతి కూడా ఆలోచించుకోవలసిందే. జన్యు సమాచారం చూసి వివక్ష చూపకూడదంటూ అమెరికాలో 2008లో వచ్చిన గినా చట్టం ఆరోగ్య బీమాకు, ఉద్యోగానికి రక్షణ ఇస్తుంది గాని జీవిత బీమాకు ఇవ్వదు. ఉమ్మి గొట్టాలలో పోసి పంపే వేడుక పరీక్షలంటే నాకూ గౌరవం లేదు. అలాంటి పరీక్షలు చేసే 23అండ్‌మీ నుంచి 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు దొంగల చేతికి పోయాయి, 2025లో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. పైగా జన్యు సమాచార నిధుల్లో ఐరోపా వారిదే పెద్దపాలు కావడంతో, మన ఫలితాలు చాలాసార్లు "అర్థం తెలియని మార్పు" అన్న ముక్కతో తిరిగొస్తాయి. సరే, ఒప్పుకుంటాను. కానీ కులం పెళ్ళి దరఖాస్తులో మొదటి గడిలో ఉండవచ్చు, ప్రత్యేక విందులకు పనికిరావచ్చు, మత్తు డాక్టరు చెవిన వేయడానికి మాత్రం పరువు తక్కువా?

మనలాగే పెళ్ళిళ్ళు లోపల్లోపలే చేసుకునే సనాతన యూదులు ఈ చిక్కుముడిని విప్పుకున్న తీరు చూడండి. పసిపిల్లల నరాలను దెబ్బతీసి ప్రాణం తీసే టే శాక్స్ అనే వంశపారంపర్య జబ్బుతో పిల్లలను పోగొట్టుకున్న జోసెఫ్ ఎక్‌స్టైన్ అనే రబ్బీ (యూదు మతగురువు) 1983లో బ్రూక్లిన్‌లో డోర్ యెషోరిమ్ అనే సంస్థ పెట్టాడు. పెళ్ళీడు పిల్లలు రక్తం ఇస్తారు, పేరు బదులు ఒక సంఖ్య పొందుతారు. సంబంధం మాటల్లోకి రాగానే ఇద్దరి సంఖ్యలూ సరిచూస్తారు. ఇద్దరిలోనూ ఒకే లోపం ఉంటేనే చెబుతారు. ఎవరి పరువూ వీధిన పడదు, ఎవరి ఇంటి మీదా మచ్చ పడదు. పరీక్షలు విస్తరించాక ఆ సమాజంలో టే శాక్స్‌తో పుట్టే బిడ్డలు 90 శాతానికి పైగా తగ్గిపోయారు. జాతకాలు సరిచూడటం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు, వాటి పక్కన ఇంకొకటి చేర్చడమే మిగిలింది.

కార్యవర్గంవారికి నా మనవి. ఆ పిల్లలిద్దరినీ పిలిచి క్షమాపణ చెప్పండి, వాళ్ళు నొచ్చుకున్నారు. పరిచయ వేదికలో పేరు ఇచ్చిన ప్రతి జంటకూ వంశపారంపర్య జబ్బుల మీద సలహా ఇచ్చే జెనెటిక్ కౌన్సెలర్‌తో ఒక మాట ఏర్పాటు చేయండి, ఫలితం ఆ ఇద్దరికి తప్ప సంఘానికి చేరకూడదు. ఆ పిల్లల ఆరోగ్య చరిత్ర పత్రాన్ని తెలుగులోకి నేను రాసిస్తాను. నిశ్చయమైన సంబంధాలు చెడగొట్టమని నేను అనడం లేదు. ఇద్దరిలోనూ ఒకే లోపం ఉన్నా పెళ్ళి చేసుకుని, కడుపులో బిడ్డకు పరీక్ష చేయించుకుని ముందుకు వెళ్ళిన దంపతులు ఉన్నారు. తెలిసి తీసుకున్న నిర్ణయం ఎటైనా వాళ్ళదే.

ఇక ఈ వేసవికి అమ్మానాన్నలకు, అత్తమామలకు టికెట్లు కొంటున్నవాళ్ళు విజిటర్ బీమా కాగితాలతో పాటు ఇంకొక్క కాగితం జత చేయండి. ఇంట్లో ఎవరెవరికి ఏ ఆపరేషన్ అయింది, మత్తు ఎంతసేపటికి దిగింది, ఏ మందు పడలేదు, ఎవరిది మేనరికం. వాళ్ళు విమానం ఎక్కకముందే ఫోన్ చేసి అడగండి, అదీ అల్లుళ్ళు, కోడళ్ళు గదిలో లేని సమయం చూసి.