అయిదు కోళ్ళు, పది అతిథులు

పెరట్లో అయిదు పెట్టల్ని పెంచే ఇంటాయనకు మొదట అనుమానం వచ్చేది దాణా కొట్టువాడి మీద. లెక్క మాత్రం సరిగ్గానే వేస్తాడు. పెట్టకు రోజుకు 110 గ్రాములు, అయిదింటికి 550. ఆ లెక్కన 25 కిలోల బస్తా నెలన్నర రావాలి. నెల తిరక్కుండానే అడుగు కనబడుతుంది. కొట్టువాడు కాటా చూపించి ఒట్టేస్తాడు. ఆ తరవాత అనుమానం గోడ దూకి వచ్చే పక్కింటి పుంజు మీదికి, చివరికి సొంత కోళ్ళ మీదికే మళ్ళుతుంది. "తినడానికి ముందుంటాయి, గుడ్డు పెట్టడానికే వంకలు" అని కోళ్ళకు వినబడేలా అంటాడు.

రోజుకు పావుకిలో ఎక్కువ పోతోంది. ఎలుకకు రోజుకు పాతిక గ్రాములు చాలు. భాగారం చేస్తే పది. అంటే ఈయన పెంచుతున్నది అయిదు కోళ్ళను, పది ఎలుకలను. కోళ్ళ సంగతి ఒక్కటే ఈయనకు తెలుసు.

సాక్ష్యాలు ఉదయమే దొరుకుతాయి, చూసే ఓపిక ఉంటే. తవుడు డబ్బా వెనక అరంగుళం పొడవున నల్లటి పెంటికలు, గోడ మొదట్లో ఒకే దారిన ఒళ్ళు రాసుకుంటూ తిరగడం వల్ల పడిన జిడ్డు చార, గూడు వెనక కొత్త మట్టి కుప్ప. కన్నం దగ్గర మట్టి అంతగా ఎగదోసి ఉందంటే అది పందికొక్కు పని. కన్నాలు ఎన్ని ఉన్నాయన్నది ముఖ్యం కాదు, ఎన్నింట్లో కాపురాలున్నాయన్నది ముఖ్యం. సాయంత్రం అన్నింటినీ తడిమట్టితో మూసేస్తే, తెల్లారేసరికి తెరుచుకున్నవే అసలైనవి. ఇంటాయన ఈ పరీక్ష చేసి, తొమ్మిదింట్లో నాలుగు తెరుచుకున్నాయని సంతోషిస్తాడు. మిగిలిన అయిదూ ఆ నాలుగింటికి పెరటి గుమ్మాలని తరవాత తెలుస్తుంది.

గూడుకు జాలీ కొట్టించాం కదా, ఎలా వచ్చాయని ఇంటావిడ అడుగుతుంది. కోళ్ళ జాలీ పేరుతో అమ్మే ఆరుపలకల తీగ కోడిని బయటికి పోనివ్వదు, అంతవరకే దాని ఉద్యోగం. దాని కన్నాల్లోంచి ఎలుక పిల్ల ఒళ్ళు వంచకుండా నడిచి వస్తుంది. అరంగుళం కన్నాల వెల్డెడ్ మెష్ పెద్ద ఎలుకల్ని ఆపుతుంది, చిట్టెలుకను ఆపలేదు. రెండూ ఆగాలంటే పావంగుళం మెష్ కావాలి. అది గోడ వెంబడి అడుగు లోతున పాతి, కింది అంచును బయటివైపు మరో అడుగు మడిచి మట్టి కప్పాలి. పందికొక్కు సాధారణంగా గోడ మొదట్లోనే తవ్వడం మొదలెడుతుంది, మడత తగిలి ఆగిపోతుంది. ఇదంతా విని తాపీమేస్త్రి "ఎలుకలకు ఇంత మర్యాద దేనికండీ" అంటాడు, మడత లేకుండా పాతేసి మజూరీ తీసుకుని వెళ్ళిపోతాడు. వారానికల్లా కొత్త సొరంగం.

ఇక బోను. ఇంట్లో ఎరకోసం చర్చ పెద్దదే. కాల్చిన కొబ్బరిముక్క అని బామ్మగారు, ఎండుచేప అని పక్కింటి పిన్నిగారు, మిరపకాయ బజ్జీ అని ఇంటాయన. బజ్జీ ప్రతిపాదనలో స్వార్థం ఉంది, నాలుగు తెస్తే ఒకటి బోనుకు, మూడు తెచ్చిన కూలీకి. ఎరలో తప్పేమీ లేదు. తప్పు తొందరలో ఉంది. కొత్త వస్తువంటే ఎలుకకు హడలు. నిన్న లేని డబ్బా ఇవాళ దారిలో కనబడితే చుట్టు తిరిగి పోతుందే తప్ప ముట్టదు. అందుకే మొదటి నాలుగైదు రాత్రులు తలుపు పడకుండా కట్టేసి, ఎర మాత్రం పెడుతూ ఉండాలి. గోడనానుకుని, అవి నడిచే జిడ్డు చార మీదే పెట్టాలి. అవి ధైర్యంగా వచ్చి తినిపోవడం అలవాటయ్యాక, ఒకే రాత్రి అన్ని బోన్లూ ఎక్కుపెట్టాలి. ఒక్క బోనుతో పది ఎలుకల కాపురాన్ని ఖాళీ చేయించడం కుదిరే పని కాదు, కనీసం నాలుగైనా ఉండాలి.

ఇంటాయన మొదటి రాత్రే ఎక్కుపెడతాడు. ఎలుక రాదు. ఉదయం బోను తీయడం మరిచిపోయి గూటి తలుపు తెరుస్తాడు. కొబ్బరిముక్క చూసిన నల్లపెట్ట ఆలోచించకుండా మెడ పెడుతుంది. తలుపు ఫట్‌మని పడుతుంది. తల లోపల, ఒళ్ళు బయట, బోనుతో సహా పెరడంతా పరుగు, ఆ చప్పుడుకు తక్కిన నాలుగూ దానిమ్మ చెట్టెక్కి కూచోవడం. "చూడండి, మీరు పట్టారు" అంటుంది ఇంటావిడ. పెట్టకు దెబ్బేమీ తగల్లేదు గానీ, వారం రోజులు గుడ్డు పెట్టదు. ఆ వారంలోనూ దాణా తగ్గుతూనే ఉంటుంది.

పిల్లిని తెచ్చుకోండని సలహా ఇచ్చేవాళ్ళు పందికొక్కును దగ్గర్నుంచి చూసి ఉండరు. కిలోకు దగ్గరగా తూగే జీవి ఎదురుతిరిగి బుసకొడితే, పాలుతాగి పెరిగిన పిల్లి చూసీచూడనట్టు గోడెక్కుతుంది. దాని చూపంతా కోడిపిల్లల మీదే. జిగురు అట్ట ఇంకా నయం అనుకుంటే, అందులో మొదట అంటుకునేది కోడిపిల్ల, రెండోది ఇంటాయన హవాయి చెప్పు. కోడిపిల్లను లాగకూడదు, ఈకలతో పాటు చర్మం వస్తుంది. వేరుశనగ నూనె వేళ్ళతో మెల్లగా రాస్తూ పోతే జిగురు విడుతుంది. తరవాత గోరువెచ్చని నీళ్ళూ కాస్త సబ్బూ పట్టించి, బాగా ఆరబెట్టి, వెచ్చగా ఉంచాలి. చెప్పును మాత్రం అక్కడే వదిలేయొచ్చు.

మందు దగ్గర హాస్యం ఆపాలి. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లానికి తగలగానే ఫాస్ఫిన్ వాయువవుతుంది. దానికి విరుగుడు లేదు, ఎలుకకైనా కోడికైనా చిన్నపిల్లలకైనా. పైగా చావనంత కొంచెం తిని బతికిన ఎలుక ఇక ఆ ఎరను ముట్టదు. బ్రోమడయోలోన్ బిళ్ళలు రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్ని రోజులకు చంపుతాయి. ఈలోగా ఎలుక ఆ బిళ్ళను నోట కరుచుకుని కన్నానికి మోసుకుపోతూ గూటి మధ్యలో జారవిడుస్తుంది, పొద్దున్నే కోడి దాన్ని పొడిచి చూస్తుంది. తూలుతున్న ఎలుకను తిన్న గుడ్లగూబకూ, పిల్లికీ ముప్పే. కోళ్ళున్న పెరట్లో విషం పెట్టకపోవడమే మేలు. వరిపొలంలో కుండతో కలుగుకు పొగపెట్టి పట్టే పనితనం ఉన్నవాళ్ళు వేరు. పెరట్లో ఇంటాయన అదే చేస్తే పొగంతా గూటిలోకే పోతుంది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకునే సామెతను ఆయన దాదాపు నిజం చేసేవాడే, ఇంటావిడ బిందెతో సిద్ధంగా ఉండబట్టి సరిపోయింది.

అసలు కిటుకు చాలా చప్పగా ఉంటుంది, అందుకే ఎవరూ ముందు చెయ్యరు. కోడికి రేచీకటి. పొద్దుగూకాక గింజ ముట్టదు. ఎలుకకు పని మొదలయ్యేది అప్పుడే. రాత్రంతా గూటిలో దాణా తొట్టి ఉంచడమంటే ఎలుకలకు వడ్డించి ఉంచడమే. సాయంత్రం అరగంటలో తినగలిగినంతే వేసి, దీపాలు పెట్టే వేళకు తొట్టి ఎత్తేసి, రాలిన నూకలు ఊడ్చేయాలి. బస్తాను ఇటుకల మీద పెడితే చాలదు, మూత బిగిసే ఇనుప డ్రమ్ములో పోయాలి. ప్లాస్టిక్ డ్రమ్మును అవి మూడు రాత్రుల్లో కొరికేస్తాయి. గుడ్లు మధ్యాహ్నానికల్లా తీసేయాలి. ఒక ఎలుక వెల్లకిలా పడుకుని గుడ్డును పొట్టమీద పెట్టుకుంటే రెండోది తోక పట్టి లాగుతుందని బామ్మగారు చెప్పే కథ బావుంటుంది గానీ, ముట్టెతో, ముందుకాళ్ళతో దొర్లించుకుపోవడానికి ఒక్క ఎలుక చాలు. పిల్లల కోడిని గంప కింద మూసేవాళ్ళు మట్టినేల మీద మూస్తే, కిందనుంచి తవ్వుకొచ్చి పిల్లల్ని లాక్కుపోతాయి. గంప కింద ఒక నాపరాయి పరిచి, గంప మీద మరో రాయి బరువు పెట్టాలి. రాత్రి కర్ర మీద కునికే పెట్టల వేళ్ళు కొరికే అలవాటు కూడా వాటికుంది. చీకట్లో కోడి కదలదు కాబట్టి కొరికించుకుంటుంది. ఉదయం కుంటుతున్న కోడికి వాతం అనుకుని మందు రాసేవాళ్ళున్నారు.

తిండి ఆగిన మొదటి వారం ఎలుకలు ఎక్కువైనట్టే కనబడతాయి, పట్టపగలే పెరట్లో తిరుగుతాయి. ఇంటాయన హడలిపోయి తొట్టి మళ్ళీ లోపల పెడతాడు, "ఆకలికి కోళ్ళ మీద పడతాయేమో" అని. పెట్టకూడదు. బోను పనిచేసేది ఈ వారంలోనే. కడుపు నిండినప్పుడు వాసన చూడని కొబ్బరిముక్క కోసం ఇప్పుడు వరస కడతాయి. పడ్డవాటిని వట్టి చేత్తో ముట్టకూడదు. ఎలుక మూత్రంతో ఎలుక జ్వరం వస్తుంది. పెంటికల మీద బ్లీచింగ్ నీళ్ళు చల్లి తడిశాకే ఊడవాలి, పొడిగా ఊడిస్తే ధూళి ముక్కులోకి వస్తుంది.

పట్టిన ఎలుకను చంపడానికి ఇంటాయనకు చేతులు రావు. గోనెసంచిలో బోను పెట్టుకుని, స్కూటరు మీద కాలువ గట్టుకు చేరుతాడు. అక్కడ వెనక వీధి మాస్టారు కూడా ఒక సంచి పట్టుకుని నిలబడి ఉంటారు.

"ఏంటండీ మాస్టారూ, ఇలా వచ్చారు?"

"ఊరికే, గాలికి. మీరో?"

"నేనూ గాలికేనండి."

రెండు సంచుల్లోంచీ కీచుమంటుంది. ఇద్దరూ కరెంటు కోతల గురించి కాసేపు మాట్లాడుకుంటారు. అవతలాయన వెళ్తే గానీ సంచి విప్పేది లేదని ఇద్దరూ కదలరు. చీకటి పడి దోమలు కుట్టడం మొదలయ్యాక మాస్టారే ముందు విప్పుతారు. ఎలుక ఒక్క గంతులో ఊరివైపు పరుగెత్తుతుంది.