సవరణ: ‘యు అండ్ ఐ’ అన్నిచోట్లా పనికిరాదు

ఇంగ్లిష్‌లో ఇంకొకరితో కలిపి మన గురించి చెప్పేటప్పుడు ‘అండ్’ తర్వాత ఎప్పుడూ ‘ఐ’ అనే రావాలని, ‘మి’ అంటే మోటుగా ఉంటుందని నిన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. వ్యాకరణ పుస్తకాలు, ప్రామాణిక నిఘంటువులు చెప్పేది వేరు: కర్తగా వస్తే ‘ఐ’, కర్మగా వచ్చినా, ‘టు’, ‘ఫర్’, ‘బిట్వీన్’ లాంటివాటి తర్వాత వచ్చినా ‘మి’.

‘రవి అండ్ ఐ వెంట్ టు ద బ్యాంక్’ సరైనదే. కానీ ‘ద మేనేజర్ కాల్డ్ రవి అండ్ ఐ’ కాదు, ‘రవి అండ్ మి’. అనుమానం వస్తే రవిని తీసేసి చదవండి. ‘ద మేనేజర్ కాల్డ్ ఐ’ అని ఎవరూ అనరు కదా! తెలుగులో ‘రవినీ నన్నూ పిలిచారు’ అని రెండింటికీ విభక్తి పెడతాం. ఇంగ్లిష్‌లో పేరు మారదు, సర్వనామం ఒక్కటే మారుతుంది. అక్కడే జారిపోతాం.

ఇంటర్వ్యూ కోసం ‘బిట్వీన్ యు అండ్ ఐ’ అని రాసుకున్నవాళ్లు దయచేసి ‘బిట్వీన్ యు అండ్ మి’ అని దిద్దుకోండి.